నాకు చెవుడు లేదు

ఇన్నేళ్లలో ఆ రోజు ఏం జరిగిందని నన్ను ఒక్కరూ అడగలేదు. నా గురించి మాట్లాడుకున్నారు. నా ఎదుటే మాట్లాడుకున్నారు. వీడికెలాగూ వినబడదు కదా అని ధైర్యంగా మాట్లాడుకున్నారు. జరిగినదంతా రాసి రెండుసార్లు లారీల ఆఫీసులో ఇచ్చాను. మొదటి కాగితం మీద టీ గ్లాసు పెట్టారు. ఆ గుండ్రటి మరక ఇప్పటికీ నా కళ్లలో ఉంది. రెండో కాగితం ఏమైందో తెలియదు. అందుకే ఇప్పుడు మొత్తం రాస్తున్నాను. ఎవరు చదివినా చదవకపోయినా ఒక్క మనిషి మాత్రం చదవాలి.

బళ్లారి దగ్గర సండూరు కొండల్లో ఇనుపరాయికి గిరాకీ మండిపోతున్న ఏళ్లవి. సిరిగేరి వైపు వరి పండించుకునే మావాళ్లు కొందరు లారీలు కొన్నారు. వాళ్లలో ఒకాయన దగ్గర నేను పనికి కుదిరాను. ఇద్దరిదీ ఒకే ఊరు, మా మళ్లకూ వాళ్ల మళ్లకూ మధ్య ఒక పిల్లకాలువ అడ్డం. ఆయన్ని అన్నా అనే పిలిచేవాణ్ణి. నాతో ఎలా ఉన్నా సరే, ఇక్కడ కూడా అన్న అనే రాస్తాను.

తారానగర్ దాటి గనికి ఎక్కే దారిలో ఒక మలుపు ఉండేది. అక్కడ రెండు బండ్లు ఎదురుపడితే పట్టవు. పైనుంచి లోడు లారీ దిగుతుంటే కింద ఖాళీ బండ్లు ఆగాలి. పైన గుడిసెలో ఒకాయన కాపలా, కింద మోటారుసైకిలు మీద నేను. ఖాళీ బండ్ల వరుస ఎంత పొడవుండేదంటే ఒకచోట నిలబడితే పని జరగదు. ఆ వరుస పొడవునా తిరుగుతూ కొందరిని కదిలించాలి, కొందరిని ఆపాలి. మొదట్లో పైనాయన ఎర్రగుడ్డ ఊపేవాడు. ఆ దుమ్ములో గుడ్డా ఎరుపే, దారీ ఎరుపే, చెట్ల ఆకులూ ఎరుపే. ఏది గుడ్డో ఏది కొమ్మో తెలిసేది కాదు.

అందుకని అన్న బెంగళూరు నుంచి వాకీటాకీలు తెప్పించాడు. ఒకటి పైన గుడిసెలో, ఒకటి అన్న జీపులో, ఒకటి నా నడుముకు. నాదానికి అదనంగా ఒక తీగ. ఆ తీగ చివర బిస్కెట్టంత స్పీకర్లు రెండు, వంచితే వంగే కాడకు ఒక మైకు, హ్యాండిలుకు కట్టుకోవడానికి ఒక బటను. బండి నడుపుతూనే మాట్లాడొచ్చు.

"హెల్మెట్‌లో పెట్టుకోప్పా," అన్నాడు అన్న.

"ఎట్ల పెట్టాలన్నా?"

"బొమ్మలేసి ఉండాది కదప్పా కాగితంలో. చూసుకో."

బొమ్మలోని హెల్మెట్ వేరు, నాది వేరు. ఇన్సులేషన్ టేపుతో లోపలి గుడ్డకే అంటించాను. పెట్టుకుని అరగంట తిరిగేసరికి చెవి చిట్లినట్టు నొప్పి. చెమటకు టేపు ఊడి స్పీకరు దవడ కిందికి జారింది. పైనాయన మాట కుండలో తలపెట్టి మాట్లాడినట్టు వచ్చింది. అన్నతో చెప్తే, "అంత డబ్బు పోసి తెస్తే నీకు పెట్టుకోను రాలేదా?" అన్నాడు. ఆ మాట గుర్తుపెట్టుకున్నాను.

బళ్లారిలో మోటారుసైకిలు సీట్లు కుట్టే భాయి ఒకాయన ఉండేవాడు. ముసలాయన. రెక్సిన్, స్పాంజి, లోపలి గుడ్డ, ఇవన్నీ ఆయన చేతికి తెలిసిన సామాన్లు కదా అని హెల్మెట్ పట్టుకుని ఆయన దగ్గరికి పోయాను. ఆయన దాన్ని తిప్పి తిప్పి చూశాడు.

"ఏంది భాయ్ ఇది? నేను నలభై ఏండ్లనుంచి మనుషులు కూర్చునే జాగా కుట్టుకుంటా ఉన్నా. నువ్వు నన్ను నెత్తి మీదికి ఎక్కించినావే!"

కానీ పని వదల్లేదు. లోపలి గుడ్డ కుట్లు విప్పాడు. గుడ్డ కింద స్పాంజి, స్పాంజి వెనక గట్టి థర్మాకోల్. స్పీకరు లోపలికి దిగాలంటే థర్మాకోల్‌లో గుంట తీయమన్నాను. ఆయన కత్తి కింద పెట్టేశాడు.

"అది ముట్టను. నువ్వు పడితే తలకాయ కాపాడేది ఆ తెల్లదే. మాట వినడానికి తలకాయ తీసుకుంటావా? స్పాంజిలో మాత్రం తీస్తా."

తరువాత అసలు ప్రశ్న వచ్చింది. స్పాంజిలో గుంట ఎక్కడ తీయాలి? చెవి ఇక్కడుంటుంది అని నేను వేలు పెట్టి చూపించాను. ఆయన నవ్వాడు. నా కాలరు మీద వేలు రుద్దాడు. గని దుమ్ము, దులిపినా పోనిది. దానికి నీళ్ల చుక్క తగిలించి నా రెండు చెవులకూ పూశాడు. హెల్మెట్ లోపల తెల్ల గుడ్డ పరిచి పిన్నులు గుచ్చి, పెట్టుకోమన్నాడు. తీసి చూస్తే గుడ్డ మీద రెండు ఎర్రటి ముద్రలు. నేను చూపించిన చోటికి రెండు వేళ్లు వెనగ్గా, ఒక వేలు పైకి.

"నీ చెవి యాడుందో నీకే తెల్వదు భాయ్. ఇంకో మాట, రెండూ సరిసమానం లేవు. ఎడమది కొంచెం పైన పెట్టినాడు అల్లా."

ఆ ముద్ర ఎక్కడ పడిందో అక్కడే స్పాంజి కోసి, స్పీకరు కూర్చోబెట్టి, పైన పలుచటి గుడ్డ వేసి కుట్టాడు. మైకు కాడను గడ్డం దగ్గర బిగించి, దాని నోటికి సీటు స్పాంజి ముక్క తొడిగాడు, గాలి హోరు పోకుండా. రెండో స్పీకరుకు గుంట తీయబోతుంటే నేనే వద్దన్నాను. రెండు చెవులూ మూసుకుంటే వెనక లారీ హారను వినబడదు. కుడి చెవి రోడ్డుకు, ఎడమ చెవి వాకీటాకీ సెట్టుకు. ఇది నేను తీసుకున్న నిర్ణయం. దీన్ని దాచను.

మరుసటి రోజు పైనాయన దగ్గితే కూడా వినబడింది. నేను బండి మీద పోతూ ఒక్కడినే మాట్లాడుతుంటే లారీ డ్రైవర్లకు అదో వేడుక.

"ఎవరితో మాట్లాడతాండావప్పా, దేవుడితోనా?"

"అవునప్పా. నీ లోడు ఎక్కువైందంట, దేవుడు చెప్తాన్నాడు."

ఒకరోజు బెంగళూరు నుంచి ఎవరో పెద్దమనుషులు వస్తే, అన్న నా తల మీదినుంచే హెల్మెట్ తీయించి వాళ్లకు చూపించాడు. "మేమే దగ్గరుండి చేయించినాం" అన్నాడు. భాయి మాటా లేదు, నా మాటా లేదు. వాళ్లు చేతులు మార్చుకుంటూ తీగ లాగి తెంపారు. నేను మళ్లీ బళ్లారి పోయి అతికించుకు వచ్చాను. సరే, అది చిన్న సంగతి. అసలు సంగతి పెద్దాయనది.

పెద్దాయన నీళ్ల ట్యాంకరు నడిపేవాడు. సంగనకల్లు మనిషి. దుమ్ము లేవకుండా దారి తడపడం ఆయన పని. నాకంటే ఇరవై ఏళ్లు పెద్ద. నన్ను అల్లుడా అని పిలిచేవాడు. ఆయనకు కూతుళ్లే లేరు. "కూతురుంటే నీకే ఇస్తాంటి, లేదు కాబట్టి బతికిపోయినావు" అనేవాడు. మధ్యాహ్నం జొన్నరొట్టె, గురెళ్ల పొడి విప్పి సగం నాకు పెట్టేవాడు. ట్యాంకరుకు సెట్టు లేదు. ఆ మలుపు ఎక్కాలంటే ఆయన నా చెయ్యి చూడాల్సిందే. చెయ్యి ఎత్తితే పోతాడు, అడ్డంగా పెడితే ఆగుతాడు. "నీ చెయ్యి చూసి పోతాండా అల్లుడా, నా కండ్లు దుమ్ములో పని చెయ్యవు" అని ప్రతి రోజూ అనేవాడు.

ఇక పైనాయన. ఆయనది కన్నడం. మంచి మనిషి. ఈ వైపు పుట్టిన అందరిలాగే ఆయనకు తెలుగూ వచ్చు, నాకు కన్నడమూ వచ్చు. చిక్కంతా అక్కడే వచ్చింది. కన్నడంలో నిల్లు అంటే ఆగు. లోడు బండి దిగుతున్నప్పుడు ఆయన తన భాషలోనే "నిల్లు, నిల్లు" అనేవాడు. దుమ్ము లేచి ట్యాంకరు కావాల్సి వస్తే, నేను తెలుగువాణ్ణి కదా అని మర్యాదకు, నా భాషలో "నీళ్లు, నీళ్లు" అనేవాడు. తన భాషలోనే నీరు అని ఉంటే ఏ గొడవా లేదు. నన్ను గౌరవించబోయి ఆ మాట వాడేవాడు. నిల్లు, నీళ్లు. ఎదురుగా నిలబడి అంటే పసిపిల్లకైనా తేడా తెలుస్తుంది. ఒక చెవిలో స్పీకరు, కింద ఇంజను, పక్కన నలభై లారీలు ఉన్నప్పుడు ఆ దీర్ఘం ఎక్కడ నిలుస్తుంది? పైగా ఆయనకు బటను పూర్తిగా నొక్కకముందే మాట్లాడే అలవాటు. మొదటి మాట ఎప్పుడూ గాలిలో పోయేది. "గాడి బర్తాయిదె, నిల్లు" అంటే, బండి వస్తోందన్న ముక్క ఎగిరిపోయి చివరి ముక్కే నాకు చేరేది.

ఒకసారి ఆయన నీళ్లు అడిగితే నేను ఆగమన్నాడనుకుని వరుసంతా ఆపేశాను. డ్రైవర్లు నన్ను తిట్టని తిట్టు లేదు. నష్టమేమీ జరగలేదు. కానీ ఇదే తారుమారై, ఆగమంటే నీళ్లనుకుంటే ఏమవుతుందో ఆ రోజే నాకు తట్టింది. సాయంత్రం అన్న దగ్గరికి పోయాను.

"అన్నా, నిల్లు అనే మాట వద్దు. స్టాప్ అందాం. అందరికీ తెలిసిన మాటే."

"నువ్వు పుట్టింది ఈడనే కదప్పా? నిల్లుకు, నీళ్లకు తేడా తెలియదా నీకు?"

పక్కనున్నవాళ్లు నవ్వారు. వారం తరువాత మళ్లీ అడిగాను. "నీకు ఆ హెల్మెట్ వచ్చినప్పటినుంచి రూల్స్ ఎక్కువైనాయి" అన్నాడు. మళ్లీ నవ్వారు. ఎవరెవరు నవ్వారో కూడా చెప్పగలను, చెప్పను.

మూడోసారి అడిగింది ఆ రోజు పొద్దున. ఆఫీసులో ముఖం చూసి చెప్తే నవ్వుతారు, సెట్లో చెప్తే నవ్వు వినబడదు కదా అనుకున్నాను. బండి స్టాండు వేసి బటను నొక్కాను. "అన్నా, పైనాయనా, ఇద్దరూ వినండి. ఈ పొద్దు నుంచి ఆపాలంటే స్టాప్ అనే అందాం. నిల్లు వద్దు. సరేనా?" పైనాయన ఏమీ అనలేదు. ఆ సమయంలో గుడిసె బయట లారీల దగ్గర ఉన్నానని తరువాత చెప్పాడు. కానీ నా చెవిలో టిక్, టిక్ అని రెండుసార్లు వినబడింది. మాట్లాడటానికి వీలు లేనప్పుడు బటను రెండుసార్లు నొక్కితే విన్నాను, సరే అని అర్థం. మాలో మాకు అలవాటు అది. ఉన్నవి మూడే సెట్లు. ఒకటి నా నడుముకు, ఒకటి మనిషి లేని గుడిసెలో. మూడోది జీపులో.

సరే అన్నారు కదా అని నాకు ధైర్యం వచ్చింది. ఇక ఆపాలంటే స్టాప్ అంటారు, నిల్లు అనరు. అప్పుడు ఈ చెవిలో పడేది నీళ్లే అవుతుంది. అలా అనుకున్నాను. నా తప్పు ఎక్కడుందంటే అక్కడుంది. పైనాయన కూడా సరే అన్నాడో లేదో మళ్లీ అడిగి ఉండాల్సింది. రెండు చెవులకూ స్పీకర్లు పెట్టుకుని ఉంటే దీర్ఘం దొరికేదేమో కూడా. నా వంతు నేను ఒప్పుకుంటున్నాను.

పదిగంటలప్పుడు దుమ్ము విపరీతంగా లేచింది. ట్యాంకరు మలుపు కింద సిద్ధంగా ఉంది. చెవిలో పైనాయన గొంతు: "...నీళ్లు, నీళ్లు." నాకు అలాగే వినబడింది. చెయ్యి ఎత్తాను. పెద్దాయన నవ్వుతూ గేరు వేసి ఎక్కాడు.

పైనుంచి లోడు లారీ దిగుతోంది.

గుద్దుకోలేదు. పెద్దాయన మంచి డ్రైవరు. లారీ కనబడగానే బండి వెనక్కి తీశాడు. నిండు ట్యాంకరు, కుడి చక్రం గట్టు దిగి బండరాయి మీదికి ఒరిగింది. తలుపుకూ రాయికీ మధ్య ఆయన మోకాలు నలిగింది. నేను పరిగెత్తేసరికి ట్యాంకరు మూత తెరుచుకుని నీళ్లన్నీ ఎర్రగా దారంతా పారుతున్నాయి. ఆయన నా ముఖం చూసి, "పోలేదులే అల్లుడా, ప్రాణం ఉండాది" అన్నాడు.

అన్న గురించి ఒక మాట చెప్పాలి, చెప్పకపోతే అన్యాయం. జీపు తెచ్చి పెద్దాయనను తన చేతులతో ఎత్తి పడుకోబెట్టింది ఆయనే. తెల్లచొక్కా అంతా రక్తం. వెనక సీట్లో కూర్చుని బళ్లారి దాకా పెద్దాయన తల తన ఒళ్లో పెట్టుకున్నాడు. చేతులు వణుకుతుండటం నేను చూశాను. అలా వణికే మనిషికి ఏదో ఒక కారణం కావాలి, వెంటనే కావాలి. అందుబాటులో నా చెవి దొరికింది.

మూడో రోజు ఆసుపత్రికి టిఫిన్ పట్టుకుపోయాను. వార్డు బయట తెర దగ్గర ఉండగానే లోపల అన్న మాట వినబడింది. పెద్దాయన చెవి దగ్గర వంగి, మెల్లగా చెప్తున్నాడు.

"వానికి చెవుడు వచ్చినట్టుండాది పెద్దాయనా. ఆ డబ్బా చెవికి పెట్టుకొని పెట్టుకొని పోయినట్టుండాది. నాకు ముందే తెలిసుంటే ఆ పనిలోనుంచి తీసేస్తాంటి."

తెర ఇవతలినుంచి, గుసగుసగా అన్న మాట, ఒక్క అక్షరం పోకుండా విన్నాను. విన్నవాడికే చెవుడు అన్నారు. లోపలికి పోయి ఆ మాట అనాలనుకున్నాను. పెద్దాయన కాలు పైకి కట్టి ఉంది. టిఫిన్ పెట్టి వచ్చేశాను. ఆ రోజు నోరు మూసుకున్నందుకు ఇప్పటిదాకా అనుభవిస్తున్నాను.

హెల్మెట్ వేరేవాడికి ఇచ్చారు. నన్ను రైల్వే సైడింగ్ దగ్గర గేటు తీసే పనికి పంపారు. తరువాతి వారం కొత్త రూలు వచ్చింది. ఆపాలంటే అందరూ స్టాప్ అనే అనాలి, నిల్లు అనకూడదు. అన్న ఆలోచన అంట. బాగుందని అందరూ మెచ్చుకున్నారు.

బళ్లారిలో చెవుల డాక్టరు దగ్గర పరీక్ష చేయించుకున్నాను. గాజు గదిలో కూర్చోబెట్టి చిన్న చిన్న చప్పుళ్లు వినిపించాడు. అన్నిటికీ చెయ్యి ఎత్తాను. రెండు చెవులూ బాగున్నాయని రాసిచ్చాడు. నా విన్నపంతో పాటు ఆ రిపోర్టు నకలు కూడా జతచేసి ఇచ్చాను. టీ గ్లాసు పెట్టింది దాని మీదే.

ఇప్పుడు గనుల జోరు లేదు. అన్న మళ్లీ ఊళ్లో వరి పెట్టిస్తున్నాడు. పైనాయన మొన్న ఒక పెళ్లిలో కలిశాడు. "నేను నిల్లు అనే అంటినప్పా, స్టాప్ అనాలని నాకెవరూ చెప్పలేదు" అన్నాడు. నా చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు. ఆయన మీద నాకు ఏ కోపమూ లేదు.

పెద్దాయన మోకాలు మళ్లీ వంగలేదు. నెలకోసారి సంగనకల్లు పోయి వస్తాను. గేటు దగ్గర నన్ను చూడగానే కేక వేస్తాడు: "రా అల్లుడా! ఈడ కూచో! ఎండలో వస్తివి!" అరుస్తాడు. పక్కింటివాళ్లు తొంగి చూస్తారు. ఆయన భార్య కూడా రొట్టె పెడుతూ, "ఇంకొకటి వెయ్యనా నాయనా!" అని చెవి దగ్గరికొచ్చి అరుస్తుంది. నేను కూర్చుంటే టీవీ సౌండు పెంచుతారు. నేను అటు తిరిగి ఉంటే పిలవరు, వచ్చి భుజం మీద చెయ్యి వేస్తారు. అంత ప్రేమగా ఎవరూ నన్ను చూసుకోలేదు. ఆ ప్రేమే నాకు ముల్లులా గుచ్చుకుంటోంది.

చెప్పకుండా ఏమీ లేను. రిపోర్టు తీసుకుపోయి చూపించాను. "నాకు చెవుడు లేదు పెద్దాయనా" అన్నాను. ఆయన నవ్వి, ఇంకా గట్టిగా అన్నాడు.

"చెవుడు తప్పేమి కాదప్పా! డాక్టర్లు ఏమైనా రాస్తారు! నా మోకాలు పోయింది, నీ చెవి పోయింది! ఇద్దరికీ సరిపోయింది! ఆ మాట వదిలెయ్!"

ఇంటికి తిరిగి వస్తూ దారిపొడవునా ఆలోచించాను. ఆయన నన్ను క్షమించింది చెవుడు ఉందనుకునే కదా. ఆ చెవుడు తీసేస్తే ఆయన చేతిలో ఇక ఏం మిగులుతుంది? మంచి చెవులతో చెయ్యి ఎత్తి తనను పైకి పంపినవాడు మిగులుతాడు. అప్పుడు గేటు దగ్గరికి రానివ్వడేమో. రొట్టె పెట్టరేమో. ఇది తెలిసే రాస్తున్నాను. కోపంతోనైనా సరే, ఒక్కసారి ఆయన నాతో మామూలు గొంతుతో మాట్లాడాలి. నా చెయ్యి చూసి కొండ ఎక్కినవాడికి ఆ చెయ్యి ఎందుకు లేచిందో తెలియాలి. నేను చెప్తే నమ్మడు. నువ్వు చెప్తే నమ్ముతాడు.

అన్నా, నిన్నే అడుగుతున్నాను. పగ తీర్చుకోవడానికి అడగడం లేదు. ఆ చొక్కా మీది రక్తం నేను మరిచిపోలేదు, నీ వణుకూ మరిచిపోలేదు. ఆ పొద్దున నిల్లు వద్దు, స్టాప్ అందామని సెట్లో నేను అన్నప్పుడు రెండుసార్లు బటను నొక్కింది నువ్వా, కాదా? నువ్వే అయితే సంగనకల్లు రా, ఆయన ఎదురుగా కూర్చుని చెప్పు. కాదంటే కాదని నా ముఖం చూసి చెప్పు. మెల్లగా చెప్పినా చాలు, నాకు వినబడుతుంది. కానీ చెప్పు.